సొంత కంప్యూటర్‌లో నడిచే వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డ్ మరచిపోతే ఎలా మార్చుకోవాలి?

వరంగల్‌లో ఒక విత్తనాల దుకాణం వారు సరుకు వివరాలన్నీ తమ కంప్యూటర్‌లోనే, జాంప్ (సొంత కంప్యూటర్‌నే సర్వర్‌గా నడిపే ప్రోగ్రాం) మీద నడిచే వర్డ్‌ప్రెస్‌లో (వెబ్‌సైట్లు తయారుచేసే ప్రోగ్రాం) రాసుకునేవారు. సరిగ్గా వానాకాలం సాగు మొదలయ్యే వేళకు పాస్‌వర్డ్ మరచిపోయారు. బాగుచేయడానికి వచ్చిన మనిషి జాంప్‌ను పూర్తిగా తీసేసి మళ్ళీ వేశాడు. రెండేళ్ల మిర్చి, పత్తి విత్తనాల లెక్కలు దానితోపాటే పోయాయి. పది నిమిషాల పనికి అంత నష్టం! పాస్‌వర్డ్ పోయినంత మాత్రాన దేన్నీ తీసేయనక్కరలేదు.

పాత పాస్‌వర్డ్ వెతికినా దొరకదు. సైటు వివరాలన్నీ నిలిచే డేటాబేస్‌లో ఉండేది దాని ముద్ర (హ్యాష్) మాత్రమే, ఆ ముద్ర నుంచి అసలు మాటను వెనక్కి రాబట్టలేం. కొత్తది పెట్టుకోవడమే దారి. ఈమెయిల్ వస్తుందని ఎదురుచూడకండి. సొంత కంప్యూటర్‌లో మెయిల్ పంపే ఏర్పాటు మామూలుగా ఉండదు.

జాంప్‌లో అపాచీ (వెబ్ సర్వర్), మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్ సర్వర్) రెండూ స్టార్ట్ చేసి, బ్రౌజర్‌లో డేటాబేస్‌ను చూసి మార్చుకునే పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి, ఎడమ పక్కన మీ డేటాబేస్ నొక్కండి. ఏది మీదో తెలియకపోతే సైటు ఫోల్డరులోని డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో పేరు ఉంటుంది. ఇక్కడే ఎక్స్‌పోర్ట్ నొక్కి నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అదే డిస్కులో దాచినదాన్ని నేను నకలుగా లెక్కపెట్టను.

యూజర్స్ అనే పట్టిక తెరిచి, మీ పేరున్న వరుసలో ఎడిట్ నొక్కండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నిదానంగా చేయండి. యూజర్_పాస్ వరుసలో రెండు గడులు ముఖ్యం: ఫంక్షన్ గడి, విలువ రాసే గడి. విలువ గడిలోని పాత అక్షరాలన్నీ చెరిపి కొత్త పాస్‌వర్డ్ రాయండి. చివర ఖాళీ జాగా పడితే అదీ పాస్‌వర్డ్‌లో భాగమే అవుతుంది. తరువాత ఫంక్షన్ గడిలో ఎండీ5 (ముద్ర వేసే ఒక పద్ధతి) ఎంచుకోండి. దీన్ని మరచిపోయినవారే ఎక్కువ. మరచిపోతే మీరు రాసిన మాట రాసినట్టే నిలిచిపోతుంది, లాగిన్ కుదరదు.

గో నొక్కాక పట్టికలోకి వెళ్లి కళ్లతో చూసుకోండి. అక్కడ అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు కలిసి సరిగ్గా 32 ఉండాలి. మీ పాస్‌వర్డ్ చదవగలిగేలా కనిపిస్తే ఎండీ5 పడలేదన్నమాట. మరో రోజు అదే వరుసలో ఈమెయిల్ మార్చాలనుకుంటే యూజర్_పాస్ ఫంక్షన్ గడి ముట్టుకోకండి. అక్కడ మళ్ళీ ఎండీ5 ఎంచుకుంటే ముద్ర మీద మళ్ళీ ముద్ర పడుతుంది.

కొందరు సైటు థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైలులో పాస్‌వర్డ్ మార్చే కోడ్ రాస్తారు. దాన్ని తీసేయడం మరచిపోతే పేజీ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ మళ్ళీ రాసుకుంటూనే ఉంటుంది. ఇంకొందరు ఎండీ5 తయారుచేసే వెబ్‌సైట్లలో తమ పాస్‌వర్డ్ కొడతారు. పక్కనే ఫంక్షన్ గడి ఉండగా పాస్‌వర్డ్‌ను పరాయివాళ్ల చేతిలో పెట్టడం ఎందుకు?

ఇక లాగిన్ అవ్వండి. ఆ తరువాత పట్టిక చూస్తే 32 అక్షరాల స్థానంలో డాలర్ గుర్తుతో మొదలయ్యే పొడవైన ముద్ర ఉంటుంది. వర్డ్‌ప్రెస్ తనంతట తానే ఎండీ5ను అంతకన్నా బలమైన పద్ధతిలోకి మార్చుకుంది. దాన్ని అలాగే వదిలేయండి.