కంప్యూటర్ వాటర్ కూలింగ్‌లో నీళ్లు నింపడం ఎలా?

తిరుపతిలో ఎండలు ముదిరాయంటే చాలు, ‘కంప్యూటర్‌ను చల్లబరిచే ట్యాంకులో నీళ్లు తగ్గాయి, మామూలు నీళ్లు పోయవచ్చా?’ అనే ప్రశ్న మొదలవుతుంది. పోయకూడదు. కల్యాణి డ్యామ్ నీళ్లయినా, బోరు నీళ్లయినా, ఇంట్లో ఆర్‌ఓ నీళ్లయినా సరే. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే ప్రాసెసర్ మీద దాని వేడిని పీల్చుకునే లోహపు బ్లాకు సందుల్లోనూ కడుతుంది. ఆర్‌ఓ నీళ్లలోనూ లవణాలు పూర్తిగా పోవు. (సీలు వేసి వచ్చే రెడీమేడ్ కూలర్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఇదంతా విడిభాగాలతో బిగించుకున్న వాటి కోసమే.)

కావలసినవి: కూలెంట్ (ఈ చల్లబరిచే పనికోసమే తయారైన ద్రవం; కింద నీళ్లు అన్నా ఇదే), గరాటు లేదా పెద్ద సిరంజి, టిష్యూ కాగితాలు, పవర్ సప్లయిని విడిగా ఆన్ చేసే జంపర్ ప్లగ్గు. ఇప్పుడు లోపల ఏ కంపెనీ కూలెంట్ ఉందో అదే తెచ్చుకోండి. రెండు రకాలు కలిస్తే గడ్డకట్టి పంపును మూసేయవచ్చు. కొత్తగా నింపుకునేటప్పుడైతే రంగు లేనిదే వాడాలి. పాలలా చిక్కగా కనిపించే రంగు కూలెంట్లు ఫొటోలకు తప్ప ఎందుకూ పనికిరావు.

గోడ స్విచ్ ఆపండి. ట్యూబులు కలిసే కీళ్ల కింద టిష్యూలు పరవండి. ట్యాంకు మూత తీసి పోయండి. కాస్తే తగ్గి ఉంటే ఇంతటితో పని అయిపోయినట్టే. నెలల తరబడి వాడితే ట్యూబుల గోడల గుండా కొంత ఆవిరైపోవడం మామూలే. వారంలోనే తగ్గిందంటే అది ఆవిరి కాదు, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి.

లైనులోకి గాలి చేరి ఉంటేనే అసలు కష్టం. ఇక్కడే తొందరపడి పంపులు కాల్చుకుంటారు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, అన్నింటి కరెంటు వైర్లూ ఊడదీయండి. పంపు వైరు ఒక్కటే ఉండాలి. పవర్ సప్లయి నుంచి మదర్‌బోర్డుకు వచ్చే 24 పిన్నుల కనెక్టరుకు జంపర్ ప్లగ్గు పెట్టండి. బోర్డుకు కరెంటు ఉండగా నీళ్లు పోసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ట్యాంకు నింపి, గోడ స్విచ్ వేసి పంపును కొద్ది క్షణాలే తిప్పండి. మట్టం సర్రున దిగుతుంది. ట్యాంకు అడుగున పంపు నోరు బయటపడక ముందే ఆపేయండి. పంపు కందెన కూడా ఆ నీళ్లే. నీళ్లు లేకుండా తిరిగితే దాని బేరింగు అరిగిపోతుంది. మళ్లీ నింపండి, మళ్లీ తిప్పండి. విసుగు పుట్టినా ఇలాగే చేయాలి. మట్టం దిగడం ఆగాక మూత బిగించి, పంపు నడుస్తుండగా క్యాబినెట్‌ను మెల్లగా అటూ ఇటూ వంచండి. రేడియేటర్ మూలల్లో ఇరుక్కున్న గాలి గలగలమంటూ ట్యాంకులోకి వస్తుంది. వంచేటప్పుడూ పంపు నోరు నీళ్లలోనే ఉండాలి.

పంపును అలాగే కొన్ని గంటలు నడవనివ్వండి. టిష్యూలన్నీ పొడిగా ఉంటేనే మిగతా వైర్లు పెట్టండి. ఎక్కడైనా తడి కనిపిస్తే ఆ కీలును చేత్తోనే బిగించండి. స్పానర్ పట్టుకుంటే లోపలి రబ్బరు రింగు నలిగి, కారడం ఇంకా ఎక్కువవుతుంది.