ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక శనివారం, మన బందరు గుర్తుగా

నెదర్లాండ్స్‌లో ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే బోటు షికారుతోనే సరిపెట్టకండి.

ఔడే హోఖ్‌స్ట్రాట్ వీధిలో డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ పాత ఆఫీసు ఉంది, ఇప్పుడది యూనివర్సిటీ భవనం. 1602లో పుట్టిన ఆ కంపెనీ 1605కే మచిలీపట్నంలో దిగింది. మన తీరంలో నేసిన, అద్దిన బట్టలు కొని ఇండోనేషియాలో మసాలా దినుసులకు మార్చుకునేది. బందరులో డచ్చివాళ్ల సమాధులు చూసినవారికి ఆ గుమ్మం ముందు నిలబడితే గుండె బరువెక్కుతుంది. నాకైతే అలాగే అయింది.

తర్వాత ట్రామ్‌లో ప్రపంచ సంస్కృతుల మ్యూజియం అయిన వేరెల్డ్‌మ్యూజియంకి వెళ్లండి. మొదట్లో దాని పేరే కలోనియల్ మ్యూజియం, అంటే వలసల మ్యూజియం! హడావుడి లేకుండా మూడు గంటలు ఇవ్వండి. పక్కనే ఓస్టర్‌పార్క్‌లో బానిసత్వ స్మారకం ఉంది. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో, కరీబియన్ దీవుల్లో డచ్చివాళ్లు బానిసత్వాన్ని రద్దు చేసింది 1863లో. రాలిన ఆకుల మధ్య అక్కడ కాసేపు కూర్చోండి.

డచ్ జాతీయ మ్యూజియం అయిన రైక్స్‌మ్యూజియం ఆదివారానికి ఉంచుకుని, టైమ్ స్లాట్ ముందే బుక్ చేయండి. ఏడాదిలో నాలుగైదు మ్యూజియంలు చూసేవాళ్లయితే మ్యూజియంకార్ట్ అనే ఏడాది పాస్ తీసుకోవడం మేలు. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు వేసుకోండి. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఆ రోజు నుంచి సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. బయట చూడాల్సినవి ముందే చూసేయండి.