ఫ్లాష్ పాఠాలు – 4: వెలిగింది, కానీ ఫోటోలో లేదు

కిందటి పాఠంలో గైడ్ నంబరు (ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె, దాన్ని ఎఫ్ నంబరుతో భాగిస్తే ఫ్లాష్ ఉంచాల్సిన దూరం వస్తుంది) లెక్క నేర్చుకున్నాం. ఈసారి ఫ్లాష్‌ని కెమెరా మీద నుంచి దించి పక్కన పెడదాం. వైరు అక్కర్లేదు, ట్రిగ్గర్ (దూరం నుంచి ఫ్లాష్‌ని వెలిగించే పరికరం) కొననక్కర్లేదు. కెమెరాలోని చిన్న ఫ్లాష్ వెలగగానే, ఆ వెలుగు చూసి తానూ వెలిగేదే స్లేవ్ ఫ్లాష్.

వినడానికి ఇంత తేలికే. చేసేటప్పుడు మాత్రం కొత్తవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. నేనూ ఆగాను. మా అక్క కూతురి బారసాలకి ఉయ్యాల పక్కన స్టాండు మీద ఫ్లాష్ పెట్టి తీశాను. నొక్కినప్పుడల్లా అది వెలుగుతూనే ఉంది, గదిలో అందరూ చూశారు. స్క్రీన్ మీద చూస్తే ఆ వైపంతా చీకటి. బ్యాటరీలు మార్చాను, పవర్ పెంచాను. టెన్షన్‌తో చేతులకి చెమటలు పట్టాయి. ఫ్లాష్‌లో ఏ లోపమూ లేదని తర్వాత తెలిసింది.

జరిగేదేమిటంటే, కెమెరా ఫ్లాష్ టీటీఎల్‌లో, అంటే వెలుగుని కెమెరాయే కొలిచి సరిచేసే ఆటో పద్ధతిలో ఉంటే బటన్ నొక్కినప్పుడు రెండుసార్లు వెలుగుతుంది. ఎంత వెలుగు కావాలో కొలుచుకోవడానికి ముందుగా చిన్న మెరుపు వేస్తుంది. దాన్ని ప్రీ ఫ్లాష్ అంటారు. ఫోటో అప్పటికింకా మొదలవలేదు. రెండోది అసలు మెరుపు. మధ్యలో వ్యవధి ఎంత తక్కువంటే మన కంటికి రెండూ ఒకటే. స్లేవ్ మాత్రం మొదటి మెరుపుకే వెలిగిపోతుంది. అసలు ఫోటో పడే వేళకి అది మళ్లీ ఛార్జ్ అవుతూ ఉంటుంది.

నేను ముందు చెప్పే మందు ఒకటే: కెమెరా ఫ్లాష్‌ని మాన్యువల్‌కి, అంటే పవర్ మనమే పెట్టుకునే పద్ధతికి మార్చండి. నికాన్ డీ5300 లాంటి వాటిలో మెనూలోనే ఆ వీలుంది. మాన్యువల్‌లో ప్రీ ఫ్లాష్ ఉండదు. పవర్ 1/32కి దించేయండి, స్లేవ్‌ని లేపడానికి గదిలో అది చాలు. స్లేవ్‌ని ఎస్1లో, అంటే మొదటి మెరుపుకే వెలిగే మోడ్‌లో పెట్టండి. మీ కెమెరాలో మాన్యువల్ లేకపోతే ఎస్2 వాడండి, అది ప్రీ ఫ్లాష్‌ని వదిలేసి అసలు మెరుపుకే వెలుగుతుంది. గోడాక్స్ టీటీ600 ఫ్లాష్‌లో ఈ రెండు మోడ్‌లూ ఉన్నాయి. రెడ్ ఐ రిడక్షన్ (కళ్లు ఎర్రగా పడకుండా చేసే సెట్టింగ్) మాత్రం తప్పకుండా ఆపేయండి, అది ఉంటే ఎస్2 కూడా తికమకపడుతుంది.

ఇంట్లో పాత ఫ్లాష్ ఉంటే దాన్ని డిజిటల్ కెమెరా మీద పెట్టకండి. కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజీ (కెమెరాకి తగిలే చోట ఫ్లాష్ పెట్టే వోల్టేజీ) 200 వోల్టులు దాటుతుంది, కెమెరా పాడైపోవచ్చు. స్లేవ్ సెన్సర్ తగిలించి దూరంగా వాడితే ఆ భయం లేదు.

ఇప్పుడు అభ్యాసం. బల్ల మీద ఇత్తడి చెంబు పెట్టండి. ఐఎస్ఓ 100, షట్టర్ 1/125, ఎఫ్/8. గైడ్ నంబరు 40 ఉన్న ఫ్లాష్ పవర్‌ని 1/16కి దించితే ఆ నంబరు నాలుగో వంతుకి తగ్గి 10 అవుతుంది. పదిని ఎఫ్/8లోని ఎనిమిదితో భాగిస్తే 1.25. అంటే చెంబుకి ఎడమ పక్కన 1.25 మీటర్ల దూరంలో స్లేవ్ ఉండాలి. సెన్సర్ ఎక్కువగా ముందున్న ఎర్ర పలక వెనకే ఉంటుంది. ఆ పలకని కెమెరా వైపు తిప్పి, తలని మాత్రం చెంబు వైపు తిప్పండి.

మొదటి ఫోటో చెంబుది కాదు. స్లేవ్‌నే ఫ్రేములోకి తెచ్చి ఒకటి తీయండి. దాని ముఖం తెల్లగా మండుతూ పడితే టైమింగ్ కుదిరినట్టు. మామూలుగా పడితే ముందే వెలిగిపోయినట్టు, మళ్లీ మెనూలోకి వెళ్లండి. ఇది చూడకుండా బ్యాటరీలు మార్చకండి.

పెళ్లిళ్లలో ఈ పద్ధతి వద్దు. అక్కడ ఎవరి ఫ్లాష్ వెలిగినా మీ స్లేవ్ వెలుగుతుంది, తీరా తాళి కట్టే క్షణానికి ఛార్జింగ్‌లో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ సెన్సర్‌కి మీ చిన్న మెరుపు ఆనదు. ఆ రెండు చోట్లకీ రేడియో ట్రిగ్గరే కావాలి. అది అయిదో పాఠం. అప్పటిదాకా చెంబుని ఎడమ నుంచి, కుడి నుంచి, వెనక నుంచి తీసి, అంచు మీద గీతలా పడే మెరుపు ఎటు జరుగుతోందో చూస్తూ ఉండండి.