మెటల్ డిటెక్టర్ మార్చే ముందు మన ఎర్రనేల మీద పరీక్షించండి

పెట్టె మీద రాసిన లోతును నమ్మి మోడల్ ఎంచుకోకండి. చిన్న వస్తువు దూరం రెట్టింపైతే తిరిగొచ్చే సిగ్నల్ దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. మూడింతల ధర పెట్టినా నాణెం బిళ్ల దొరికే లోతు అంగుళమో రెండో పెరిగితే గొప్ప. ఆ డబ్బు పనికొచ్చేది నేల గోలను (మట్టిలోని ఖనిజం వల్ల వచ్చే దొంగ మోతలను) అణచడానికీ, ఇనుప చెత్త పక్కనున్న మంచి లోహాన్ని పట్టడానికీ.

హైదరాబాద్ చుట్టూ ఉన్న చల్క అనే ఎర్రనేలల్లో ఇనుప ఖనిజం కలిసి ఉంటుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మట్టిలో లాగండి. నల్లపొడి మీసాల్లా అంటుకుంటే, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల గోలను లెక్కలోంచి తీసేసే సర్దుబాటు) చేసుకోగలిగే మోడలే కావాలి. గారెట్ ఏస్ 250 (ఫ్రీక్వెన్సీ 6.5 కిలోహెర్ట్జ్)లో అది ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది, మనం మార్చలేం. నోక్టా సింప్లెక్స్ (12 కిలోహెర్ట్జ్)లో మార్చుకోవచ్చు. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద పనిచేస్తుంది. కావాలంటే 5 నుంచి 40 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న అయిదింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. సన్నటి నగలకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ, పెద్ద వెండి బిళ్లలకు తక్కువ ఫ్రీక్వెన్సీ నప్పుతాయి.

పరీక్ష సొంత పొలంలోనో, అడిగి ఒప్పించుకున్నవాళ్ల చెలకలోనో పెట్టుకోండి. గోల్కొండ లాంటి రక్షిత కట్టడాల దగ్గర తవ్వొద్దు. ఎక్కడైనా పాత నిక్షేపం పది రూపాయలకు మించినది బయటపడితే, 1878 నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి. పది రూపాయలే, పొరబాటు కాదు!

ఇత్తడి రంగు అయిదు రూపాయల బిళ్లనూ, వెండి మెట్టెనూ 10, 15, 20 సెంటీమీటర్ల లోతున పాతి, పాత మిషన్, కొత్త మిషన్ ఒకదాని తర్వాత ఒకటి ఏ లోతు దాకా పడతాయో చూడండి. రూపాయి బిళ్ల వద్దు: అది అయస్కాంతానికి అంటుకునే స్టీలు, మిషన్ దాన్ని ఇనుమనుకోవచ్చు. ముందుగా లోహం లేని చోట కాయిల్‌ను (కర్ర చివరి గుండ్రటి పళ్లెం) నేలకు 3 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు మధ్య పైకీ కిందికీ ఆడించి, మోత సమమయ్యేదాకా బ్యాలెన్స్ చేయండి. ఒకదాన్ని పరీక్షించేటప్పుడు రెండో మిషన్ ఆపేయండి, ఫోన్ దూరంగా పెట్టండి; లేదంటే ఆ గోలను నేల మీదికి నెడతారు. హైటెన్షన్ తీగల కిందైతే సెన్సిటివిటీ (సిగ్నల్ పట్టే చురుకు) తగ్గించాలి.

అసలు తేడా తేలేది మేకుల దగ్గరే. చెక్కపలక మీద బిళ్ల పెట్టి, 5 సెంటీమీటర్ల దూరంలో తుప్పు మేకు ఉంచండి. నాలుగు దిక్కుల నుంచీ ఊపి, బిళ్ల మోత ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోండి. పాతది ఒక దిక్కు నుంచే పలికి, కొత్తది మూడింటి నుంచి పలికితే మార్చడం దండగ కాదు. రెండూ ఒకేలా పలికితే డబ్బు ఆపుకుని పాతదానికే డీడీ కాయిల్ (లోపల D ఆకారపు చుట్లు రెండు ఉన్న రకం) కొనండి. అయితే చెత్త ఎక్కువున్న చోట పెద్ద కాయిల్ పనికిరాదు, పక్కపక్క వస్తువులను ఒకటిగా కలిపేస్తుంది.