రోడ్‌కింగ్‌కి డిస్క్ ఫోర్కులు: నా అనుభవం

మైసూరు ఐడియల్ జావా కంపెనీ పాత బైకు యెజ్డీ రోడ్‌కింగ్ ఇంజిన్‌కి ఇప్పటికీ వంక పెట్టలేం. ముందు డ్రమ్ బ్రేక్ మాత్రం మెహిదీపట్నం ట్రాఫిక్‌లో టెన్షన్ పెడుతుంది. అందుకే డిస్క్ బ్రేక్ ఉన్న వేరే బండి ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు), వాటిని పైనా కిందా బిగించి పట్టే టీలతో సహా తెచ్చాను.

ఫోర్కు దొరకడం పెద్ద పని కాదు. చిక్కంతా స్టెమ్ దగ్గరే, అంటే కింది టీ నుంచి లేచి ఫ్రేమ్ మెడలో తిరిగే కడ్డీ దగ్గర. కొత్త టీ స్టెమ్ పొడవు, లావు రెండూ మన ఫ్రేమ్ మెడకు కుదరలేదు. పాత స్టెమ్ కోసి కొత్త టీకి వెల్డింగ్ పెట్టేద్దామని కొందరన్నారు, నేను ఒప్పుకోలేదు. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు తూలేది ఆ అతుకు మీదకే! బాలానగర్‌లో ఒక లేత్ ఆయన చేత ఈఎన్24 అనే గట్టి మిశ్రమ స్టీలుతో కొత్త స్టెమ్ తీయించి, కింది టీలో ప్రెస్‌తో దింపించాను. మెడ లోపలి కొలత వెర్నియర్‌తో తీసుకుని రాణిగంజ్‌లో టేపర్ రోలర్ బేరింగులు కొన్నాను. విడి గోళీల కంటే ఇవే నయం.

బిగింపు చూసే పద్ధతి ఇది: ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని కొద్దిగా తడితే, అది తనంతట తానే పక్కకు వాలాలి. ఫోర్కు కాళ్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్‌మన్న చప్పుడు రాకూడదు.

ఫోర్కు పొడుగైతే హ్యాండిల్ మందగిస్తుంది, పొట్టిదైతే స్పీడులో వణుకుతుంది. నావి కాస్త పొడుగు, గొట్టాలను టీల్లో పైకి జరిపాను. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, ట్యాంకుకి తగలట్లేదని, కేబుళ్లు లాగట్లేదని కూడా చూసుకోవాలి.

బండిలో చేసే మార్పులపై మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది కాబట్టి, పని మొదలుపెట్టే ముందే ఆర్టీఏలో అడగండి.