గోళీలు, బంతులతో ఇంట్లోనే అభిఘాతాల లెక్క తేల్చడం ఎలా?

రెండు వస్తువులు గుద్దుకుంటే (దీన్నే అభిఘాతం అంటారు) దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందని అడిగితే, చాలామంది బరువో వేగమో చూసి ఒక అంచనా చెప్పేస్తారు. అది కొంతవరకే పనికొస్తుంది. ఏ గుద్దుకోవడాన్నైనా నిజంగా అర్థం చేసుకోవాలంటే రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: ద్రవ్యవేగం (మొమెంటం) ఎటు పోయింది? గతిజశక్తి (కదలిక వల్ల వస్తువుకు ఉండే శక్తి) ఎటు పోయింది? క్లాసులో ఈ రెండూ పక్కపక్కనే చెప్పేయడంతో చాలామందికి అవి ఒకే ముద్దగా గుర్తుండిపోతాయి. చేత్తో చేసి చూస్తే మాత్రం తేడా ఇట్టే తెలిసిపోతుంది.

కావాల్సినవి: ఒకే సైజు గాజు గోళీలు ఆరేడు, రెండు స్కేళ్లు, ఒక టెన్నిస్ బంతి, ఒక బాస్కెట్‌బాల్, కొంచెం మెత్తటి బంకమట్టి, ఒకేలాంటి రెండు బొమ్మ కార్లు, కొలిచే టేపు, స్లో మోషన్ వీడియో తీసే ఫోన్.

1. ముందు కాగితం మీద లెక్క వేయండి

వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చుకోవాలి. గంటకు కిలోమీటర్లలో ఉన్న అంకెను 3.6తో భాగిస్తే సరి. ద్రవ్యరాశిని (మనం కిలోల్లో చెప్పేది) వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజశక్తి.

60 కిలోల మనిషి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో వెళుతున్నాడనుకుందాం. ద్రవ్యవేగం 600 కిలోగ్రామ్ మీటర్/సెకను, గతిజశక్తి 3,000 జౌల్స్. ఇప్పుడు వేగం 72కి పెంచండి. ద్రవ్యవేగం 1,200 అయింది, రెట్టింపే. శక్తి మాత్రం 12,000 జౌల్స్‌కి, నాలుగు రెట్లకు చేరింది. ఎత్తులో చెప్పాలంటే మొదటిది సుమారు 5 మీటర్ల మీద నుంచి పడటంతో సమానం, రెండోది 20 మీటర్ల పైనుంచి. స్పీడోమీటర్ మీద ఆ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కాబట్టి ఈ లెక్క ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా సొంతంగా వేసి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, ద్రవ్యవేగానికి దిశ ఉంటుంది. కుడివైపు వెళ్లేదాన్ని ప్లస్ అనుకుంటే ఎడమవైపు వెళ్లేది మైనస్. శక్తికి దిశ లేదు. ఒకే బరువున్న రెండు బండ్లు ఒకే వేగంతో ఎదురెదురుగా వస్తుంటే మొత్తం ద్రవ్యవేగం సున్నా, శక్తి మాత్రం రెండింటిదీ కలిపి ఉంటుంది. గుద్దుకుని అక్కడే ఆగిపోతే ఆ శక్తంతా లోహాన్ని వంచడానికి, వేడికి, శబ్దానికి పోతుంది.

వేగం వర్గం ఎందుకు రావాలి అన్న వాదన యూరప్‌లో చాలాకాలం నడిచింది. 1686లో జర్మన్ తత్వవేత్త, గణితవేత్త లైబ్నిజ్ ఆ వాదన లేవనెత్తాడు. తర్వాత 1720ల్లో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండె ఒకే సైజులో ఉండి బరువు వేరైన ఇత్తడి గోళాల్ని మెత్తటి మట్టి మీద వదిలి చూశాడు. బరువును ఎత్తుతో గుణిస్తే వచ్చేది సమానంగా ఉన్నప్పుడు గుంటలు కూడా సమానంగా పడ్డాయి. ఆ గోళాల ద్రవ్యవేగాలు మాత్రం సమానం కావు. అంటే మట్టిని నొక్కే పనికి లెక్క ద్రవ్యవేగంలో కాదు, వేగం వర్గంలో ఉంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎమిలీ ద్యు షాత్లే ఈ ఫలితాన్ని తన ఫిజిక్స్ పుస్తకంలో గట్టిగా సమర్థించింది.

2. గోళీల వరస

రెండు స్కేళ్లను బల్ల మీద పక్కపక్కన అతికించి మధ్యలో సన్నటి గాడి వదలండి. నాలుగైదు గోళీల్ని అందులో వరసగా పెట్టండి, ఒకదానికొకటి వెంట్రుకవాసి దూరంలో ఉంటే ఇంకా మంచిది. ఒక గోళీని దొర్లించి గుద్దిస్తే అటు చివర నుంచి ఒకటే కదిలి వెళుతుంది. రెండింటిని కలిపి దొర్లిస్తే రెండు వెళతాయి.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి, ఎందుకంటే అసలు సంగతంతా ఇక్కడే ఉంది. రెండు గోళీలు వచ్చి గుద్దినప్పుడు అటువైపు నుంచి ఒక్కటే రెట్టింపు వేగంతో ఎందుకు వెళ్లకూడదు? ద్రవ్యవేగం లెక్క సరిపోతుంది కదా: రెండు గోళీలు ఒక వేగంతో వచ్చినా, ఒక గోళీ రెట్టింపు వేగంతో వెళ్లినా మొత్తం ఒకటే. శక్తి లెక్క మాత్రం ఒప్పుకోదు. రెట్టింపు వేగంతో వెళ్లే ఒక్క గోళీకి నాలుగు పాళ్ల శక్తి కావాలి, వచ్చిన రెండింటి దగ్గర కలిపి ఉన్నవి రెండు పాళ్లే. మిగతా రెండు పాళ్లు ఎక్కడి నుంచీ రావు. ద్రవ్యవేగం ఒక్కటే చూసుకుంటే తెరిచే ఉన్న దారిని శక్తి మూసేస్తోందన్నమాట.

గుద్దిన గోళీ పూర్తిగా ఆగకుండా కాస్త ముందుకు పాకితే కంగారు పడకండి. అది దొర్లుతూ వచ్చింది, దాని గిరగిర తిరగడం ముందున్న గోళీకి పెద్దగా అందదు. ఆ తిరుగుడే దాన్ని కొంచెం ముందుకు లాగుతుంది.

3. అతుక్కుపోతే ఏమవుతుంది?

ఒక బొమ్మ కారు ముందు భాగానికి బంకమట్టి పెట్టి, ఆగి ఉన్న రెండో కారు మీదికి వదలండి. రెండూ అతుక్కుని కదలాలి. నేల మీద టేపు పరిచి వీడియో తీస్తే, గుద్దడానికి ముందు, గుద్దిన వెంటనే ఎన్ని ఫ్రేముల్లో ఎంత దూరం వెళ్లాయో లెక్కపెట్టొచ్చు. బరువులు సమానమైతే వేగం దాదాపు సగానికి పడిపోవాలి (చక్రాల రాపిడి వల్ల ఇంకాస్త తగ్గినా తగ్గొచ్చు). ద్రవ్యవేగం అలాగే ఉంది, గతిజశక్తి మాత్రం సగం పోయింది. మట్టి నలిగిన చోట చూడండి, అక్కడికే పోయింది. ఇలాంటిదాన్ని అస్థితిస్థాపక అభిఘాతం అంటారు, గోళీలది దాదాపు స్థితిస్థాపకం, అంటే గతిజశక్తి పెద్దగా పోనిది.

4. ఎగిరే ఎత్తును కొలవండి

టెన్నిస్ బంతిని గట్టి నేల మీద మీటరు ఎత్తు నుంచి వదిలి, ఎంత ఎత్తుకు లేచిందో వీడియోలో చూడండి. కొత్త బంతి అయితే 55 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. టెన్నిస్ నిబంధనల్లోనే ఇది ఉంది: మామూలు బంతిని 254 సెంటీమీటర్ల నుంచి వదిలితే 135 నుంచి 147 దాకా లేవాలి. లేచిన ఎత్తును వదిలిన ఎత్తుతో భాగిస్తే మిగిలిన శక్తి ఎంతో వస్తుంది, ఇక్కడ 55 శాతం. దానికి వర్గమూలం తీస్తే వేగాల నిష్పత్తి, 0.74. దీన్నే ప్రత్యావస్థాన గుణకం అంటారు.

ఇప్పుడు బాస్కెట్‌బాల్ మీద టెన్నిస్ బంతిని ఉంచి రెండింటినీ కలిపి వదలండి, ఆరుబయట మాత్రమే, ముఖం దూరంగా పెట్టి. చిన్న బంతి మీరు వదిలిన ఎత్తును దాటి పైకి పోతుంది. కింది బంతి ముందు నేలను తాకి వెనక్కి లేస్తూ, ఇంకా దిగుతున్న చిన్నదానికి ఎదురెళ్లి గుద్దుతుంది, తన శక్తిలో కొంత ఇచ్చేస్తుంది. ఏమీ నష్టపోకుండా, కింది బంతి చాలా చాలా బరువైనదైతే, చిన్నది తొమ్మిది రెట్ల ఎత్తుకు వెళ్లాలి. నిజంలో అంత రాదు.

5. ఆగే దూరాన్ని లెక్కలోకి తీసుకోండి

రోజువారీ జీవితంలో ప్రాణం మీదికి తెచ్చేది ఈ అడుగే. గతిజశక్తిని ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే సగటు బలం వస్తుంది. మొదట చెప్పుకున్న 3,000 జౌల్స్ తీసుకోండి. శరీరం అర మీటరులో ఆగితే 6,000 న్యూటన్లు, 5 సెంటీమీటర్లలో ఆగితే 60,000. పోవాల్సిన శక్తి అంతే, ద్రవ్యవేగమూ అంతే, మారింది దూరమే. కారు ముందు భాగం నలిగిపోయేలా చేయడం, సీటు బెల్టు కొద్దిగా సాగడం, ఎయిర్‌బ్యాగ్, ఇవన్నీ ఆ దూరాన్ని పెంచడానికే.

ఒళ్లో పాపను గట్టిగా పట్టుకుంటే చాలనుకునేవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేయాలి. 10 కిలోల పాప, సెకనుకు 10 మీటర్లు, పదో వంతు సెకనులో ఆగాలి: ద్రవ్యవేగం 100, దాన్ని 0.1తో భాగిస్తే 1,000 న్యూటన్లు. అంటే ఆ క్షణంలో మీ చేతులు సుమారు 100 కిలోల బరువును ఆపాలి. ఎవరి వల్లా కాదు. పాపకు విడిగా చైల్డ్ సీటు కావాలి.

హెల్మెట్ లెక్కా ఇలాగే. తల బరువు 5 కిలోలు, వేగం సెకనుకు 6 మీటర్లు అనుకుంటే 90 జౌల్స్. లోపలి ఫోమ్ నలుగుతూ 2.5 సెంటీమీటర్లలో ఆపితే సగటు బలం 3,600 న్యూటన్లు. ఫోమ్ లేక 2.5 మిల్లీమీటర్లలో ఆగితే 36,000. ఒకసారి నలిగిన ఆ ఫోమ్ మళ్లీ మునుపటిలా లేవదు, కాబట్టి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి ఎంత బాగా కనిపించినా మార్చేయండి.