రోహింగ్యాల పక్షాన ఒక సినగాగు గొంతు విప్పాలంటే

2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైన్యం సాగించిన హత్యలనూ అత్యాచారాలనూ గ్రామదహనాలనూ తప్పించుకుని 7 లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరారు. వారి కోసం అమెరికా ప్రభుత్వాన్ని నిలదీసిన మతసమాజాలలో యూదులది గట్టి గొంతు. అమెరికన్ జ్యూయిష్ వరల్డ్ సర్వీస్ చొరవతో పలు యూదు సంస్థలు జ్యూయిష్ రోహింగ్యా జస్టిస్ నెట్‌వర్క్ పేరిట ఒక్కటయ్యాయి. అటువంటి ప్రయత్నాన్ని తమ సినగాగులో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, మొదలుపెట్టాలనుకునేవారికీ, విదేశాల్లో యూదు పొరుగువారితో కలిసి ఈ పనికి పూనుకోవాలనుకునే తెలుగువారికీ ఉపయోగపడాలని ఈ సూచనలు రాస్తున్నాను.

మొదటి సమావేశంలో సంతకాల కాగితం తీయకండి, యూదుల ధర్మగ్రంథమైన తోరా తీయండి. పొరుగువాడి రక్తం చిందుతుంటే ఊరికే నిలబడి చూడవద్దని లేవీయకాండం 19:16 చెబుతుందని యూదు పండితులు అర్థం చెప్పుకుంటారు. మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) పరదేశులుగా బతికినవారే, పరదేశి మనసు మీకు తెలుసు అంటుంది నిర్గమకాండం 23:9. ఈ రెండు వాక్యాలను రబ్బీ (యూదు మతగురువు) సమక్షంలో గంటసేపు చర్చిస్తే, రోహింగ్యాల విషయం దయతో ఇచ్చే చందా కాదనీ ధర్మశాస్త్రం మోపిన బాధ్యత అనీ సభ్యులే గ్రహిస్తారు. ఆ తర్వాత ఇద్దరి చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూపండి. జర్మనీలో యూదుల పౌరసత్వాన్ని 1935లో నాజీలు చేసిన నూరెంబర్గ్ చట్టాలు లాక్కున్నాయి. 1982లో బర్మా (నేటి మయన్మార్) చేసిన పౌరసత్వ చట్టం రోహింగ్యాలను సొంత నేలమీదే దిక్కులేనివారిని చేసింది. 1939లో 937 మందితో, అందులో దాదాపు అందరూ యూదులే, బయలుదేరిన సెయింట్ లూయిస్ ఓడను క్యూబా, అమెరికా, కెనడా రానివ్వలేదు. 2015 మే నెలలో రోహింగ్యాలతో నిండిన పడవలను అండమాన్ సముద్రంలో ఒక తీరం నుంచి మరో తీరానికి తరిమారు. అయితే ఈ పోలిక అన్యాయం ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కుతుందో చూపడానికే తప్ప, ఒకరి దుఃఖాన్ని మరొకరి దుఃఖంతో తూచడానికి కాదు. హోలోకాస్ట్ నుంచి, అంటే నాజీలు యూదులపై సాగించిన హత్యాకాండ నుంచి, బతికి బయటపడినవారు గానీ వారి పిల్లలు గానీ మీ సమాజంలో ఉంటే, ఈ మాటలను వేదికమీద చెప్పే ముందు వారితో మాట్లాడండి.

చాలాచోట్ల తప్పు దొర్లేది ఈ తర్వాతి అడుగులోనే. రోహింగ్యాల గురించి రోహింగ్యాలు లేకుండా మాట్లాడకూడదు. అమెరికాలో మిల్వాకీ, షికాగో నగరాల్లో వారి కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. ముందు వారి దగ్గరకు మీరే వెళ్ళండి, తర్వాత వారిని పిలవండి. శుక్రవారం మధ్యాహ్నం వారికి జుమా నమాజు, సాయంత్రం మీకు షబ్బాత్ (వారపు విశ్రాంతి దినం) మొదలు కాబట్టి ఆదివారం సమావేశమవడం ఇద్దరికీ కుదురుతుంది. భోజనం పెట్టేటప్పుడు యూదుల కోషర్ నియమాన్నీ ముస్లింల హలాల్ నియమాన్నీ రెండింటినీ పాటించాలంటే శాకాహారం సులువైన దారి. వచ్చినవారి చేత జరిగిన ఘోరాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. వారికేం కావాలో అడగండి. రఖైన్‌లో వారి బంధువులు ఇంకా ఉండవచ్చు కనుక అనుమతి లేకుండా ముఖం, పేరు, ఊరు ఏదీ బయటపెట్టవద్దు. మయన్మార్ ప్రభుత్వం వారిని బెంగాలీలని పిలుస్తూ వస్తోంది, అందువల్ల రోహింగ్యా అనే పేరును ప్రతి ఉత్తరంలోనూ స్పష్టంగా రాయడం కూడా ఈ పోరాటంలో భాగమే. నింద సైన్యంమీద, చట్టంమీద, ద్వేషప్రచారంమీద ఉండాలి, బౌద్ధమతంమీద కాదు.

ఇక అసలు పని, అభ్యర్థన. ఎవరిని ఏం కోరుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ ఉత్తరం పంపకండి. 2018 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ 394–1 ఓట్లతో ఈ దారుణాన్ని జాతిహననం అని తీర్మానించినా, ప్రభుత్వం ఆ మాట అనడానికి మరో మూడేళ్ళకు పైగా పట్టింది. ఆ కాలమంతా యూదు సంస్థలు పట్టుకున్న కోరికల్లో ప్రధానమైనది ఒక్కటే: జాతిహననాన్ని జాతిహననం అనండి. చివరకు 2022 మార్చి 21న విదేశాంగ మంత్రి ఆంటనీ బ్లింకెన్ ఆ ప్రకటన చేసింది వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియంలోనే. 2012లో మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీకి ఇచ్చిన ఎలీ వీజెల్ పురస్కారాన్ని 2018లో వెనక్కు తీసుకున్నదీ ఆ మ్యూజియమే.

ఇప్పుడు అడగవలసినవి వేరు. 2023లో శిబిరాల్లో మనిషికి నెలకు ఇచ్చే ఆహార సాయం 12 డాలర్ల నుంచి 8 డాలర్లకు పడిపోయింది. అటువంటి కోత మళ్ళీ రాకుండా నిధులు కోరవచ్చు. అదే ఏడాది అక్టోబరులో మయన్మార్ ప్రభుత్వ చమురు, గ్యాస్ సంస్థకు అమెరికన్ల ఆర్థిక సేవలు అందకుండా ఆంక్ష విధించారు. దాన్ని సంపూర్ణ ఆంక్షగా మార్చమని కోరవచ్చు. ఒక్క సమావేశంలో ఒక్క కోరికే పెట్టండి. ఆ నియోజకవర్గపు ఓటర్లు నలుగురైదుగురు వెళ్తే చాలు: వారిలో ఒక రబ్బీ, ఒక రోహింగ్యా, ఒక యువ సభ్యుడు ఉంటే మంచిది. పన్ను మినహాయింపు ఉన్న మతసంస్థ పరిమితంగా చట్టాల కోసం ఒత్తిడి తేవచ్చు గానీ ఏ అభ్యర్థినీ సమర్థించకూడదన్న అమెరికా నియమం గుర్తుండాలి.

ఇజ్రాయెల్ సంగతేమిటన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది, దాన్ని దాటవేయవద్దు. మయన్మార్‌కు ఇజ్రాయెల్ ఆయుధాల అమ్మకంపై 2017లో ఇజ్రాయెల్ హైకోర్టులోనే మానవహక్కుల కార్యకర్తలు పిటిషన్ వేశారు, తీర్పును బయటపెట్టనివ్వలేదు. పరాయి దేశాన్ని ప్రశ్నించే నోటితోనే ఈ విషయాన్నీ ప్రశ్నించే సమాజం మాటకే విలువ ఉంటుందని నా నమ్మకం.

హైదరాబాద్ బాలాపూర్ పరిసరాల్లో కూడా కొన్ని వేల మంది రోహింగ్యాలు తలదాచుకుంటున్నారు. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు కనుక ఇక్కడి అభ్యర్థనలు జీవించే హక్కును కాపాడే మన రాజ్యాంగం 21వ అధికరణం ఆధారంగా, న్యాయవాదుల సలహాతో సాగాలి.

పనికి ఒక పంచాంగం పెట్టుకోండి. ఐగుప్తు దాస్యం నుంచి విముక్తిని స్మరించే పస్కా పండుగ విందులో రోహింగ్యాల కోసం ఒక ప్రార్థన చేర్చవచ్చు. ఆగస్టు 25 చాలా ఏళ్ళు యూదు పంచాంగంలోని ఎలూల్ మాసానికి దగ్గరగా పడుతుంది. 2017లో అది ఎలూల్ 3వ రోజు. ఆ నెలలో షబ్బాత్ మినహా దాదాపు రోజూ ఉదయం కొమ్ముబూర ఊది మనసుల్ని పశ్చాత్తాపానికి మేల్కొలిపే సినగాగుకు, అంతకుముందు ప్రజాప్రతినిధి ఇచ్చిన జవాబును అందరి ముందు చదివి, ఏది నెరవేరిందో ఏది నెరవేరలేదో గుర్తించి, మరుసటి ఉత్తరాన్ని అక్కడే రాసి సంతకాలు తీసుకోవడానికి ఆగస్టు 25 వచ్చే వారం తగిన సమయం.